నగర కవితలో పరాయితనం: బరువుంది గానీ తగలడం లేదు

ప్రశ్న:
నగరంలోని ఒంటరితనం మీద వచన కవిత రాస్తున్నాను. "ఈ జనారణ్యంలో / నా గుండె ఒంటరిగా రోదిస్తోంది / ఎవరికీ వినపడని ఆర్తనాదం!" అని ఎత్తుగడ. చదివినవాళ్లు "బరువుంది గానీ తగలడం లేదు" అంటున్నారు. తీవ్రత తగ్గించాలా, పెంచాలా?

జవాబు 1:
గొడవ తీవ్రతతో కాదు. ఏడుపంతా మీరే ఏడ్చేశారు, పాఠకుడికి పని మిగల్లేదు. పైగా జనారణ్యం అరిగిపోయిన మాట. ఒంటరి, శూన్యం, వేదన లాంటి మాటలన్నీ కొట్టేసి చూడండి. కంటికి కనపడేది ఒక్కటీ మిగలకపోతే కవిత ఇంకా మొదలవలేదన్నమాట. ఉద్వేగాన్ని రేపే వస్తువులూ సన్నివేశమూ ఘటనల వరుసా కావాలని ఆంగ్ల కవి, విమర్శకుడు టి.ఎస్. ఎలియట్ 1919లో షేక్స్పియర్ నాటకం హామ్లెట్ మీది వ్యాసంలో అన్నది ఇందుకే. మచ్చుకి:

లిఫ్టులో ఎనిమిదిమందిమి
అందరి చూపూ అంకెల మీదే
ఐదు, ఆరు
దిగాల్సిన అంతస్తు దాటిపోయింది
ఎవరినీ జరగమనలేక

చివరి పాదాన్ని అసమాపక క్రియతో వదిలేశాను. "జరగమనలేకపోయాను" అని ముగిస్తే అది ఫిర్యాదైపోతుంది.

జవాబు 2:
లిఫ్టు బాగుంది. కానీ వస్తువులు పేర్చుకుంటూ పోతే సామాన్ల జాబితా తయారవుతుంది, ఈమధ్య చాలా కవితల జబ్బు అదే. జర్మన్ సామాజికవేత్త జిమ్మెల్ 1903లోనే చెప్పాడు: నగరం క్షణక్షణం ఇంద్రియాల మీద పడుతుంటే మనసు తట్టుకోలేక ఉదాసీనతను కప్పుకుంటుంది. కాబట్టి నగరంలో పరాయితనం పైకి మొద్దుబారినట్టే కనిపిస్తుంది. స్వరం పొడిగా నడిపి, ఒక్కచోట మాత్రం పగలనివ్వండి. రెండుచోట్ల పగిలితే నాటకమే.

జవాబు 3:
పొడిగానే రాయాలని రూలేం లేదండీ. 1965లో దిగంబర కవులు, అంటే తెలుగులో తిరుగుబాటు కవుల బృందం, గొంతు చించుకునే రాశారు, తగిలింది కూడా. ఆ కోపం సమాజం మీదికి వెళ్లింది, తమ మీద జాలిగా మారలేదు. మీ అరుపు మీ చుట్టూనే తిరుగుతోంది.

ప్రశ్న అడిగినవారు:
ఆశ్చర్యార్థకం తీసేశాను. మరి "నేను" ఎన్నిసార్లు ఉండొచ్చు?

జవాబు 1:
వీలైతే ఒక్కసారీ వద్దు. "వెళ్లాను" అంటే అందులో నేను ఉన్నట్టే. విడిగా రాస్తే నొక్కి చెప్పినట్టు. "నా" సంగతి ఇంకా కష్టం: "నా గుండె"లో "నా" తీసేసి చదవండి, గుండె కూడా అక్కర్లేదని తేలిపోతుంది.