230 వోల్టుల సర్క్యూట్ బోర్డు కింద ఏ ఇన్సులేషన్ షీటు వేస్తున్నారు?

పీణ్య_కుర్రాడు:
చిన్న బ్యాటరీ ఛార్జర్ చేస్తున్నాం. అల్యూమినియం డబ్బా, ఎర్త్ కలిపాం. బోర్డు అడుగున సోల్డర్ కాళ్లకూ డబ్బాకూ మధ్య జాగా మరీ తక్కువ. బెంగళూరు ఎస్.పి. రోడ్డులో ఒకాయన ఫిష్ పేపర్ (ఇన్సులేషన్‌కు వాడే గట్టి కాగితం) చూపించాడు. పక్క కొట్టాయన పాలలాంటి తెల్ల షీటు ఇచ్చి "ఫార్మెక్సే సార్, మంటకు ఆరిపోతుంది" అన్నాడు. ఏది వేయమంటారు?

హైపాట్_బాబాయ్:
ఫిష్ పేపర్ మేం రెండేళ్లు వాడాం. మడత బాగా వస్తుంది, స్క్రూ బిగించినా చిట్లదు. కానీ ఎంతైనా కాగితమే, తేమ పీలుస్తుంది. ఓ జూలైలో వారమంతా ముసురు. కిటికీ పక్కనున్న కట్టలోంచి తీసి వేసిన పీసులన్నింటికీ హైపాట్ టెస్టులో (ఎక్కువ వోల్టేజీ పెట్టి ఇన్సులేషన్ చూసే పరీక్ష) 1500 వోల్టుల దగ్గర లీకేజీ పెరిగింది. బోర్డులో తప్పు వెతుకుతూ రెండు రోజులు తల బద్దలు కొట్టుకున్నాం. షీట్లను ఓవెన్‌లో ఆరబెట్టి మళ్లీ వేస్తే అన్నీ పాసయ్యాయి!

లేఅవుట్_లక్ష్మి:
ఎర్త్ ఉందన్నారు కాబట్టి బేసిక్ ఇన్సులేషన్ (మామూలు ఒక్క స్థాయి రక్షణ) చాలు, దానికి కనీస మందం అంటూ లేదు. ఎర్త్ లేకుండా చెయ్యి తగిలే డబ్బా అయితేనే రీఇన్‌ఫోర్స్‌డ్ (రెండింతల రక్షణ ఇచ్చేది) కావాలి. అప్పుడు ఒకే పొరైతే 0.4 మి.మీ.కు తగ్గకూడదు. 0.43 మి.మీ. పాలీప్రొపిలీన్ షీటు (అసలు ఫార్మెక్స్ ఇలాంటిదే) అందుకే పనికొస్తుంది. పల్చటివి రెండు పొరలు వేస్తే, ఏ పొరకు ఆ పొరే 3000 వోల్టులు తట్టుకోవాలి.

పీణ్య_కుర్రాడు:
0.1 మి.మీ. మైలార్ (పల్చటి పాలిస్టర్ ఫిల్మ్) చాలా కిలోవోల్టులు ఆపుతుందట కదండీ, అదే వేస్తే?

హైపాట్_బాబాయ్:
ఆపుతుంది, చిల్లు పడనంతసేపు. సైడ్ కట్టర్‌తో కోసిన కాలు సూదిలా ఉంటుంది తమ్ముడూ. డ్రాప్ టెస్ట్ (కింద పడేసి చూసే పరీక్ష) అయ్యాక మా పీసు విప్పి, షీటును వెలుతురుకు పెట్టి చూస్తే ట్రాన్స్‌ఫార్మర్ కాళ్ల కింద నాలుగు చుక్కలు. కరెంటు కంటే ముందు కాలే పొడిచింది.

లేఅవుట్_లక్ష్మి:
అంచుల సంగతి కూడా చూడండి. బోర్డు సైజుకే కోస్తే కరెంటు షీటు చుట్టూ తిరిగి డబ్బాకు పోతుంది. నాలుగు వైపులా పైకి మడవండి, స్క్రూ రంధ్రాల దగ్గర దూరం కొలవండి. కాప్టన్ టేపు (వేడిని తట్టుకునే పాలీఇమైడ్ టేపు) అంటించి సరిపెట్టుకోవద్దు. వేడికి నిలుస్తుంది కానీ మురికి, తేమ చేరితే పైన తొందరగా ట్రాకింగ్ (ఉపరితలం మాడి కరెంటుకు దారి పడటం) వస్తుంది. బాగా వేడెక్కే చోటికి నోమెక్స్ అనే ఇన్సులేషన్ కాగితం ఉంది, రేటు మాత్రం గుండె గుభేలుమంటుంది.

తెల్ల షీటు మీద మార్కింగ్ ఏమైనా ఉందా? వి-0 (మంట తీయగానే త్వరగా ఆరిపోతుందనే రేటింగ్) ఫలానా మందం చెప్పి ఇస్తారు, అంతకంటే పల్చటి షీటుకు వర్తించదు.

పీణ్య_కుర్రాడు:
మార్కింగ్ లేదు. ఇప్పుడే చిన్న ముక్క లైటర్‌తో అంటించాను. ఆరలేదు సరికదా, కొవ్వొత్తిలా బొట్లు కారుతూ మండింది. కొట్టాయనకు ఫోన్ చేస్తే, "ఒరిజినల్ వేరే ఉంది సార్, దాని రేటు వేరే" అంటున్నాడు.