కొత్త సింగిల్ యాక్షన్ .357 కిందకి, ఎడమకి కొడుతోంది, ముందు సైట్ అరగదీయాలా? క్లీనింగ్ డౌట్లు కూడా ఉన్నాయి

కొత్తసిలిండర్ అడిగారు:

అందరికీ నమస్తే. ఈ మధ్యే ఒక సింగిల్ యాక్షన్ రివాల్వర్ (ప్రతిసారీ హ్యామర్ ని బొటనవేలితో వెనక్కి లాగి కాల్చే రకం) తీసుకున్నా, .357 మాగ్నమ్, ఆరు ఛాంబర్లు (సిలిండర్ లో తూటాలు కూర్చునే రంధ్రాలు), ట్రాన్స్‌ఫర్ బార్ ఉన్న మోడల్ (ట్రిగ్గర్ నొక్కితేనే హ్యామర్ దెబ్బ తూటా దాకా వెళ్లేలా చేసే సేఫ్టీ పట్టీ). సైట్లు మాత్రం ఫిక్స్‌డ్, అంటే ముందు ఒక బ్లేడు, వెనక ఫ్రేమ్ పైన గాడి, అంతే, తిప్పడానికి స్క్రూలేం లేవు. రేంజ్ కి వెళ్లే ముందు ఫ్యాక్టరీలో పూసిన నూనె బ్యారెల్ లోంచి, ఛాంబర్లలోంచి పూర్తిగా తుడిచేశా. ఖాళీగా ఉన్నప్పుడు హ్యామర్ మెల్లగా లాగుతూ ఆరు ఛాంబర్ల దగ్గరా సిలిండర్ గట్టిగా లాక్ అవుతోందా అని చూశా, అంతా బానే ఉంది.

15 మీటర్ల దూరం నుంచి, బల్ల మీద ఇసుక సంచి పెట్టుకుని కాల్చా. ముందు .38 స్పెషల్ (ఇదే గన్ లో పట్టే పొట్టి రకం), 158 గ్రెయిన్ (తూటా బరువు కొలత) సీసం తూటాలు. అవి గురి కంటే ఓ 3 సెంటీమీటర్లు కింద, కాస్త ఎడమకి పడ్డాయి. సరే పర్లేదు అనుకుని .357 లో 125 గ్రెయిన్ జాకెటెడ్ (సీసం మీద రాగి తొడుగున్నవి) వేస్తే ఏకంగా 8 సెంటీమీటర్లు కింద, 4 సెంటీమీటర్లు ఎడమకి. పవర్ ఎక్కువున్న గుండు ఇంకా పైన తగలాలి కదా, ఇది రివర్స్ లో ఉందేంటి?

ఇంకా డౌట్లు ఉన్నాయి. .38 లు కాల్చాక .357 లు వేశా కదా, ఖాళీ కేసులు (పేలాక మిగిలే ఇత్తడి గొట్టాలు) ఎజెక్టర్ రాడ్ తో తోస్తుంటే రావట్లా, ఒకటైతే బొటనవేలు నొప్పెట్టేదాకా తొయ్యాల్సొచ్చింది. సిలిండర్ ముందు వైపు ప్రతి ఛాంబర్ చుట్టూ నల్లటి రింగులు పడ్డాయి, ఎంత తుడిచినా పోవట్లేదు. మాగ్నమ్ లు కాల్చాక బేస్ పిన్ (సిలిండర్ తిరిగే ఇరుసు) కూడా కొంచెం ముందుకి జరిగినట్టు కనిపించింది. చివరిగా, బ్యారెల్ ని వెనక నుంచి క్లీన్ చేయడానికి ఫ్రేమ్ అడ్డం ఉంది, మూతి వైపు నుంచి రాడ్ పెడితే పాడవుతుందా? ముందు సైట్ అరగదీస్తే సరిపోతుందని రేంజ్ లో ఒకాయన అన్నాడు, ఆకురాయి అయితే రెడీగా ఉంది.

పాతఇనుము రాశారు:

ఆకురాయి లోపల పెట్టేయండి సార్ ముందు. అరగదీసిన ఇనుము మళ్లీ రాదు, బ్లేడు పొట్టిదైపోయాక బరువైన తూటాలు వేశారంటే అన్నీ పైకి పోతాయి, అప్పుడు కొత్త బ్లేడు వెల్డింగ్ చేయించుకోవాలి.

మీకు రివర్స్ లో అనిపించింది నిజానికి రివాల్వర్లలో మామూలే. హ్యామర్ పడి మందు అంటుకున్న క్షణం నుంచే గన్ పైకి లేవడం మొదలవుతుంది, తూటా ఇంకా బ్యారెల్ లోనే ఉంటుంది. బరువు తూటా నెమ్మదిగా వెళ్తుంది కాబట్టి అది బయటికొచ్చేసరికి మూతి ఎక్కువ లేచి ఉంటుంది, అందుకే పైన తగుల్తుంది. తేలిక తూటా, స్పీడ్ ఎక్కువ, మూతి లేవకముందే వెళ్లిపోతుంది, కింద తగుల్తుంది. 15, 25 మీటర్ల దూరాల్లో గుండు దార్లో కిందకి దిగడం కంటే ఈ ఎఫెక్టే ఎక్కువ. ఫిక్స్‌డ్ సైట్ల .357 కి 125 గ్రెయిన్ మాగ్నమ్ కింద కొట్టిందంటే నాకైతే ఆశ్చర్యమేం లేదు, .357 లోనే 158 గ్రెయిన్ వేసి చూడండి, చాలా తేడా కనిపిస్తుంది.

ఇక ఎడమకి. మీది కుడి చేతి వాటం అయితే సగం అనుమానం చేతి మీదే పెట్టాలి. సింగిల్ యాక్షన్ ట్రిగ్గర్ తేలిగ్గానే తెగుతుంది కానీ ఆ పెద్ద హ్యామర్ అంత దూరం తిరిగి వచ్చి పడటానికి టైం పడుతుంది, ఆ లోపు చెయ్యి కదిలిందా అయిపోయింది. పేలాక కూడా ముందు సైట్ నే చూస్తూ ఉండాలి, ట్రిగ్గర్ వెంటనే వదలకూడదు. ఈ నాగలి పిడి లాంటి గ్రిప్ కూడా ఒక కారణం, దెబ్బకి అది అరచేతిలో పైకి తిరిగేలా చేశారు, దాన్ని గట్టిగా పిసికి ఆపితే ఒక చోట తగుల్తుంది, తిరగనిస్తే ఇంకో చోట. ఏదో ఒకటే పట్టు పెట్టుకోండి. హ్యామర్ లాగిన ప్రతిసారీ పట్టు మారిపోతుంది చాలామందికి, రెండో చేతి బొటనవేలితో లాగితే ఆ గొడవ ఉండదు.

ఇప్పుడు అసలు టెస్ట్. మామూలుగా అందరూ ఆరు కాల్చి ఒక గుంపు కొలుస్తారు, రివాల్వర్ కి అది సగం సమాచారమే, ఎందుకంటే ఇందులో ఉన్నది ఒక బ్యారెల్, ఆరు ఛాంబర్లు, ఒక్కో ఛాంబర్ బ్యారెల్ తో ఒక్కోలా కలవొచ్చు. సిలిండర్ మీద చెరిగిపోయే మార్కర్ తో 1 నుంచి 6 దాకా నంబర్లు వేసుకోండి, ఆరు టార్గెట్లు పెట్టి ఒక్కో ఛాంబర్ ది ఒక్కో కాగితం మీదే కాల్చండి, తూటా మాత్రం ఒకే రకం. అన్ని కాగితాల మీదా ఎడమే వస్తే అది సైటో చెయ్యో, ఒక్క కాగితం మీదే దూరంగా పడితే అది ఆ ఛాంబర్. వీలైతే అదే గన్ అదే తూటాలు ఇంకొకరికి కూడా ఇచ్చి కాల్పించండి, చేతి లెక్క అక్కడే తేలిపోతుంది.

రెండోచెయ్యి రాశారు:

పైన చెప్పినదానికి ఒక్క మాట కలుపుతా. ఇసుక సంచి మణికట్టు కిందో పిడి కిందో పెట్టండి, బ్యారెల్ ఆన్చొద్దు, గురి మారిపోతుంది. సిలిండర్ కీ బ్యారెల్ కీ మధ్య సన్న సందు, మామూలుగా 0.1 నుంచి 0.2 మిల్లీమీటర్లే ఉంటుంది కానీ .357 కి అందులోంచి వచ్చే మంట సంచి గుడ్డని చీల్చేస్తుంది, వేలు ఉంటే వేలు కూడా. రైఫిల్ పట్టుకున్నట్టు రెండో చెయ్యి ముందుకి పోనివ్వకండి. కళ్లద్దాలు మీకే కాదు పక్కన నిలబడ్డవాళ్లకీ కావాలి, సీసం తుంపర్లు పక్కకే వస్తాయి.

జిడ్డుగుడ్డ రాశారు:

క్లీనింగ్ సంగతి నేను చెప్తా, నాకు కాల్చడం కంటే ఇదే ఇష్టం అని ఇంట్లో వాళ్లు వెక్కిరిస్తారు.

కేసులు ఇరుక్కోవడానికి కారణం మీరే రాశారు చూడండి, ముందు .38 లు కాల్చారు. .357 కేసు .38 కంటే 3 మిల్లీమీటర్ల పైనే పొడుగు, 1935 లో ఇది వచ్చినప్పుడు పాత .38 గన్లలో పట్టకూడదనే పొడుగు చేశారు. .38 కేసు మూతి ఎక్కడ ఆగుతుందో దాని ముందు ఛాంబర్ లో మసి, సీసం కలిసి ఒక రింగు కడుతుంది, తర్వాత వేసిన .357 కేసు సరిగ్గా ఆ రింగు మీద వ్యాకోచించి కరుచుకుంటుంది. కాబట్టి ఒకే రోజు రెండూ కాల్చాలంటే .357 లు ముందు, .38 లు తర్వాత. ఆ రింగు పోవాలంటే సాల్వెంట్ రాసి ఒక పావుగంట వదిలేసి, ఛాంబర్ కంటే ఒక సైజు పెద్ద కంచు బ్రష్ పెట్టి తిప్పాలి, ఊరికే ముందుకీ వెనక్కీ లాగితే లొంగదు. సీసం గట్టిగా పట్టేస్తే పాత బ్రష్ కి రాగి పీచు చుట్టి రుద్దండి, కాకపోతే ముందు అయస్కాంతం పెట్టి చూడండి, అతుక్కుందంటే అది రాగి పూసిన ఇనుము, లోపల గీతలు పెడుతుంది.

విప్పడం ఈజీ. ఆరు ఛాంబర్లూ ఖాళీ అని కంటితో చూసి వేలితో కూడా తడిమాక మీ మోడల్ లో హ్యామర్ లాగకుండా కిందకే ఉంచి, తూటాలు వేసే పక్క గేట్ తెరవండి, పక్కనున్న లాచ్ నొక్కి బేస్ పిన్ ముందుకి లాగేస్తే సిలిండర్ కుడి వైపుకి వచ్చేస్తుంది. పాత 1873 కోల్ట్ తరహా గన్లకి అయితే హ్యామర్ హాఫ్ కాక్ లో (సగం వెనక్కి లాగి ఆపి) పెట్టాలి, వాటి సిలిండర్ మధ్యలో ఒక చిన్న బుషింగ్ (పిన్ దూరే గొట్టం ముక్క) ఉంటుంది, జారి పడిందంటే బల్ల కిందంతా వెతుక్కోవాల్సిందే.

మూతి వైపు నుంచి క్లీన్ చేయడం తప్పదు, ఫ్రేమ్ అడ్డం కాబట్టి. భయం రాడ్ గురించి కాదు, మూతి అంచు గురించి, దాన్ని క్రౌన్ అంటారు కదా, రాడ్ ఒరుసుకుని అది ఒక పక్క అరిగితే తూటా వెళ్లేటప్పుడు గ్యాస్ ఒక వైపు ముందు తప్పించుకుని గురి పోతుంది. ఇత్తడి గైడ్ పెట్టుకోండి, లేదంటే తాడులా లాగే రకం కొనుక్కోండి, సిలిండర్ తీసేసిన సందులోంచి లోపలికి దోపి మూతి వైపు నుంచి లాగెయ్యొచ్చు. బ్యారెల్ వెనక చివర, తూటా మొదట తగిలే కోన్ దగ్గర, సీసం ఎక్కువ పేరుకుంటుంది, టార్చ్ వేసి చూడండి. ఎజెక్టర్ గొట్టం లోపల, సిలిండర్ వెనక పళ్ల మధ్య, ఫ్రేమ్ లో పిన్ దూరే రంధ్రం, ఇవి మాత్రం మర్చిపోవద్దు. పిన్ మీద గ్రీజు కొంచెం రాస్తే చాలు, పొడిగా ఉంటే మసి పట్టి సిలిండర్ బరువుగా తిరుగుతుంది. ఛాంబర్లలో మాత్రం నూనె ఉంచకండి, కేసు గోడకి పట్టు దొరక్క దెబ్బంతా వెనక ఫ్రేమ్ మీద పడుతుంది.

సిలిండర్ ముందు నల్ల రింగులు వదిలెయ్యండి. సీసం తీసే గుడ్డతో రుద్దితే పోతాయి నిజమే, దాంతో పాటు బ్లూయింగ్ (ఇనుము మీది నీలి నలుపు పూత) కూడా పోతుంది, మళ్లీ ఆరు తూటాలకి రింగులు వచ్చేస్తాయి. ఎవరి కోసం? నికెల్ పూత గన్లు ఉన్నవాళ్లు అమ్మోనియా ఉన్న సాల్వెంట్ జోలికి పోవద్దు. అయ్యాక చేతులు సబ్బుతో చల్లనీళ్లతో కడుక్కోండి.

స్క్రూలు విప్పి లోపలి పార్ట్‌లు ప్రతిసారీ బయటికి తీసేవాళ్లని చూశా, ఏం అవసరం లేదు, స్క్రూ తలలు పాడవడం తప్ప.

పాతఇనుము రాశారు:

బేస్ పిన్ సంగతి ఎవరూ పట్టించుకోలా. మాగ్నమ్ దెబ్బలకి పిన్ ముందుకి జరగడం ఈ తరహా గన్లలో తెలిసిన సంగతే, లాచ్ స్ప్రింగ్ వీక్ అయితే అలా అవుతుంది, ఇంకాస్త గట్టి స్ప్రింగ్ వేస్తే ఆగిపోతుంది. ఒకసారి లాచ్ పిన్ గాడిలో పూర్తిగా కూర్చుందా చూడండి, లాచ్ రెండు వైపుల మధ్యా స్క్రూ ఉంటుంది, అది లూజ్ అయి ఉండొచ్చు. పిన్ మరీ ముందుకొస్తే సిలిండర్ కి వెనక ఆధారం పోయి జామ్ అవుతుంది, అదయ్యేదాకా ఆగకండి.

కొత్తసిలిండర్ రాశారు:

చాలా థ్యాంక్స్ అందరికీ, మీరు చెప్పినట్టే మళ్లీ వెళ్లా. పిన్ లాచ్ స్క్రూ నిజంగానే లూజ్ గా ఉంది, బిగించాక జరగలేదు. ఈసారి .357 లో 158 గ్రెయిన్ లే వాడా, నంబర్లు వేసుకుని ఛాంబర్ కి ఒక కాగితం. ఎత్తు దాదాపు సరిపోయింది, ఓ సెంటీమీటర్ కింద అంతే. ఎడమకి పోవడం నా చేతిదే ఎక్కువ, ఫ్రెండ్ కాలిస్తే మధ్యలోనే పడ్డాయి. కానీ 4 నంబర్ ఛాంబర్ ఎవరు కాల్చినా మిగతావాటికి దూరంగా కుడి పక్కన పైకి పోతోంది. కేసులు మాత్రం సాఫీగా వచ్చాయి. ఇప్పుడు 125 లకి సైట్ అరగదీసుకోవాలంటే ఎంత తియ్యాలి?

పాతఇనుము రాశారు:

లెక్క సింపులే, తప్పిన దూరాన్ని సైట్ల మధ్య దూరంతో గుణించి టార్గెట్ దూరంతో భాగించడం. మీ సైట్ల మధ్య 16.5 సెంటీమీటర్లు ఉంటే, 15 మీటర్లలో 8 సెంటీమీటర్లకి దాదాపు 0.9 మిల్లీమీటర్లు వస్తుంది. కానీ నా మాట వింటే తియ్యకండి, 158 గ్రెయిన్ సరిపోతోంది కదా, దాన్నే ఖాయం చేసుకోండి. 125 లే కావాలంటే ముందు 0.4 మిల్లీమీటర్లు తీసి కాల్చి చూసి, మళ్లీ తియ్యండి.

4 నంబర్ కి ఒక చిన్న చెక్ ఉంది. విడిగా దొరికే .358 సీసం తూటా ఒకటి తీసుకుని ఒక్కో ఛాంబర్ ముందు వైపు నుంచి వేలితో నొక్కి చూడండి, కొంచెం బలం పెడితే జారాలి. ఐదింట్లో ఒకలా ఉండి 4 లో అసలు దూరకపోయినా, ఊరికే పడిపోయినా ఆ ఛాంబర్ మూతి సైజు తేడా. ఆరింట్లోనూ ఒకేలా ఉంటే అప్పుడు 4 దగ్గర హ్యామర్ లాగి సిలిండర్ ని పక్కకి కదిపి చూడండి, మిగతావాటికంటే ఎక్కువ ఆడుతుంటే లాక్ అయ్యే గాడి లోపం. రెండిట్లో ఏదైనా మీరు చెయ్యి పెట్టకండి, గన్ కొత్తదే కాబట్టి ఆరు కాగితాలూ జత చేసి వారంటీకి పంపించెయ్యండి.

రెండోచెయ్యి రాశారు:

పంపేముందు కాగితాల మీద దూరం, తూటా బరువు రాయడం మర్చిపోవద్దు, లేదంటే మీ చేతి తప్పే అని తిరిగి పంపేస్తారు.