అప్పాలా, పిండివంటలా, చిరుతిళ్లా? ఒక పండుగ శీర్షిక మీద చర్చ

ప్రశ్న

సభ్యులందరికీ నమస్కారం. హైదరాబాదులో మేముండే అపార్ట్‌మెంటువాళ్లం సంక్రాంతికి ఒక చిన్న వంటల పుస్తకం వేసుకుంటున్నాము. ఇంట్లో సులువుగా చేసుకొనే స్నాక్స్, తొందరగా అయ్యే భోజనం, వచ్చినవాళ్లకు ఇచ్చే కాక్‌టెయిల్స్ అని మూడు భాగాలు అనుకున్నాము. వీటికి తెలుగు పేర్లు పెట్టే పని నాకు అప్పగించారు. మొదటి భాగానికి ‘చిరుతిళ్లు’ అని రాయగానే, వరంగల్ నుంచి వచ్చిన పొరుగింటి పెద్దమ్మ ‘అవి అప్పాలు బిడ్డా’ అన్నారు. గుంటూరు పిన్నిగారు ‘పిండివంటలు అనమ్మా’ అన్నారు. ఏది సరైన మాట?

సమాధానం

ప్రశ్న అడిగినవారికి నమస్కారం. మూడూ తెలుగు మాటలే, మూడూ సరైనవే. అయితే అవి ఒకే వస్తువుకు పేర్లు కావు, ఎందుకంటే ఒక్కొక్కటి ఒక్కొక్క లెక్కను బట్టి పుట్టింది.

చిరుతిండి పరిమాణాన్ని బట్టి వచ్చిన పేరు. భోజనం కానిది, కొంచెంగా తినేది అని దాని అర్థం. ‘అన్నం వేళకు చిరుతిళ్లు తినకు’ అని పిల్లలను మందలించేటప్పుడు మనం వాడే మాట అది. నలుగురు ఆడవాళ్లు నేల మీద తెల్లటి బట్ట పరిచి, నడుములు నొప్పి పుట్టేదాకా కూర్చుని చుట్టి, కూతురి అత్తవారింటికి గంపలో పెట్టి పంపే సకినాలను చిరుతిండి అనడానికి నాకు నోరు రాదు. ఆ మాటను అటుకుల చుడువకూ, మిరపకాయ బజ్జీకీ, వేయించిన పల్లీలకూ ఉంచుకుందాము.

పిండివంట ముడిసరుకును బట్టి వచ్చిన పేరు. సంస్కృత నిఘంటువైన అమరకోశం ‘పూపోఽపూపః పిష్టకః స్యాత్’ అని ఈ తరహా వంటకానికి మూడు పేర్లు చెప్పింది. పిష్టమంటే పిండి, పిష్టకమంటే పిండితో చేసినది. అంటే సంస్కృతంలో పిష్టకం ఏ ఆలోచనతో పుట్టిందో మన పిండివంట కూడా అదే ఆలోచనతో పుట్టింది. బెంగాలీలు పౌష సంక్రాంతికి చేసుకొనే ‘పిఠా’ పేరు ఈ పిష్టకం నుంచి వచ్చినదే. ఇక్కడ మన ‘పిండి’ ఎంత విశాలమైన మాటో గమనించాలి. గిర్నిలో పట్టించిన పొడి పిండీ పిండే, చపాతీకి తడిపిన ముద్దా పిండే, దోశకు జారుగా రుబ్బినదీ పిండే. అందువల్లనే మినప్పప్పు రుబ్బి వేసిన గారె, బెల్లం పాకంలో బియ్యప్పిండి కలిపి వత్తిన అరిసె, శనగపిండి దూసిన బూందీ ఒకే పేరు కిందికి ఇబ్బంది లేకుండా వచ్చి చేరాయి. పిండి చుక్కైనా లేని నువ్వులుండలను సైతం పండుగ పూట పిండివంటల్లోనే లెక్కపెడుతున్నాము కనుక, ఆ మాట తాను పుట్టిన హద్దును కూడా దాటింది.

అప్పం నాకు అన్నిటికన్నా ఇష్టమైన మాట, దానికి వయసు ఎక్కువ. దానికి మూలమని చెప్పే అపూప శబ్దం ఋగ్వేదంలోనే ఉంది. సంస్కృత వ్యాకరణకర్త పాణిని ‘విభాషా హవిరపూపాదిభ్యః’ (5.1.4) అనే సూత్రంలో అపూపాన్ని మొదట నిలిపి ఒక గణాన్నే, అంటే మాటల జాబితానే చెప్పాడు, అపూపాలకు పనికివచ్చే బియ్యాన్ని అపూప్యమనీ అపూపీయమనీ రెండు విధాలా అనవచ్చునని ఆ సూత్రం వల్ల తేలుతుంది. మనం ఈనాడు ‘సకినాల పిండి’, ‘అరిసెల పిండి’ అనడం లేదూ, ఆనాటివారికీ ఆ అవసరమే కలిగింది. అపూపం నుంచి అప్పం వచ్చిందని మన పండితులు చెబుతారు. తమిళ మలయాళాలలోనూ అప్పం ఇంటింటి మాటే.

కోస్తా జిల్లాలలో అప్పమంటే ఒక నిర్దిష్టమైన తీపి వంటకం. పిండిలో బెల్లం చేర్చి, చిన్న బిళ్లలుగా తట్టి, నేతిలోనో నూనెలోనో వేయించి ఆంజనేయస్వామికి నివేదిస్తారు. తెలంగాణలో మాత్రం ఆ మాట మొత్తం జాతికి పేరైంది. ‘పండుగకు అప్పాలు చేసిండ్రా?’ అని అడిగితే సకినాలు, మురుకులు, గరిజెలు, అరిసెలు అన్నీ ఆ ప్రశ్నలోనే ఉన్నాయి. సర్వ అనే గిన్నెలో అద్ది కాల్చే సర్వపిండికి సర్వప్ప అనీ, గిన్నప్ప అనీ పేర్లున్నాయి. ఆ పేర్ల చివర నిలిచినది ఈ అప్పమే. మా ఇంటి కింది వాటాలో ఉండే గుంటూరు వదినగారిని ఒక సంక్రాంతికి మా అమ్మ ‘అప్పాలు చేస్తున్నం, రా బిడ్డా’ అని పిలిస్తే, ఆవిడ తీపి అప్పాలు అనుకొని వచ్చి, ఉప్పూ వామూ నువ్వులూ వేసిన సకినాల పిండి ముందు ఆశ్చర్యంగా నిలబడిపోయారు. ఆ రోజు నుంచే ఈ మాట మీద నా మనసు పడింది.

దీనికి సరిగ్గా ఎదురు దిశలో నడిచిన మాట భక్ష్యం. భక్ష్య, భోజ్య, లేహ్య, చోష్య, పానీయాలని పెద్దలు ఆహారాన్ని ఐదుగా విభజించినప్పుడు, భక్ష్యమంటే కొరికి తినేదంతా. తెలంగాణలోనూ రాయలసీమలోనూ నేడు భక్ష్యాలంటే పూర్ణం పెట్టి వత్తి పెనం మీద కాల్చేవి మాత్రమే. అవే పోలెలు, ఓళిగలు, కోస్తావారి బొబ్బట్లు. ఒక జాతి పేరు కుంచించుకుపోయి ఒకే వంటకానికి పేరైంది, ఒక వంటకం పేరు విస్తరించి జాతికి పేరైంది. రెండు మార్పులూ ఒకే వంటింట్లో, ఒకే పండుగ నాడు కనిపిస్తాయి. మాటల అర్థాలు మారే తీరు మీద, అంటే అర్థవిపరిణామం మీద, ఇంతకన్నా చక్కని పాఠాన్ని నేను ఏ తరగతిలోనూ చదువుకోలేదు.

పొరుగింటి పెద్దమ్మగారి చేత సకినాల విధానం కూడా రాయించండి. కిలో బియ్యానికి పావుకిలో నువ్వులు మా ఇంటి లెక్క. రాత్రంతా నానిన బియ్యాన్ని వడకట్టి, తడి ఆరకముందే గిర్నికి తీసుకువెళ్లాలి. పొడి పిండితో చుడితే చుట్టు తెగిపోతుంది.

రెండవ భాగానికి నా సూచన ‘సద్దులు’. సద్దుల బతుకమ్మ నాడు పెరుగు, నిమ్మకాయ, చింతపండు, కొబ్బరి, నువ్వులు కలిపి చేసే అన్నాలన్నీ సద్దులే. అన్నం ఒక్కటి వండి ఉంటే మిగిలిన పని తొందరగా అవుతుంది. రొట్టెను నలిపి బెల్లం, నెయ్యి కలిపే మలీదను కూడా ఇక్కడే చేర్చండి. నలపడమనే అర్థం గల పారసీ ధాతువు నుంచి వచ్చి, బతుకమ్మ పళ్లెంలో స్థిరపడిన మాట అది.

కాక్‌టెయిల్‌కు ‘మిశ్రమ మద్యం’ వంటి అనువాదాలు చేయవద్దని నా మనవి; మద్యం కలిసినదాన్ని కాక్‌టెయిల్ అనే రాయండి. మద్యం లేనివాటికి మాత్రం మనకు ‘పానకం’ ఉంది. బెల్లం, మిరియాలు, ఏలకులు కలిసినప్పుడు వేటికవి విడిగా తెలియకుండా కొత్త రుచి ఒకటి పుడుతుందని, కావ్యంలో రసం పుట్టే తీరును (రసనిష్పత్తిని) వివరించడానికి మన ఆలంకారికులు, అంటే కావ్యశాస్త్రం రాసినవారు, పానకరస న్యాయమనే ఈ పోలికను చెప్పారు. కలపడం వల్ల పుట్టే కొత్త రుచే కదా ఆ పానీయాల సారం.

మరొక సభ్యురాలి అభిప్రాయం

అన్నయ్యగారూ, అప్పాల గురించి మీరు రాసినదంతా బాగుంది. పానకం దగ్గర మాత్రం నేను అంగీకరించలేను. ఆ మాట వినగానే నాకు శ్రీరామనవమి పందిరి, వడపప్పు, భద్రాచలం కళ్ల ముందు నిలుస్తాయి. పుదీనా, నిమ్మరసం, సోడా కలిపి గాజు గ్లాసులో పోసిన దానిని పానకమంటే మా ఇంట్లో పెద్దవాళ్లు నొచ్చుకుంటారు. ఇంకొక సందేహం. ఫలహారమనే మాటను మీరు ఎందుకు విడిచిపెట్టారు?

తిరిగి సమాధానం

చెల్లెమ్మా, మీ అభ్యంతరం న్యాయమైనది. శాస్త్రంలో పానకం ఎంత విస్తృతమైన మాటైనా, వాడుకలో అది నవమినాటి ప్రసాదానికి కట్టుబడిపోయింది. భక్ష్యం విషయంలో గుర్తించిన సంగతినే పానకం దగ్గర నేను మరిచిపోయాను. ఆ సూచనను వెనక్కి తీసుకుంటున్నాను. దాని చోట ‘షర్బత్‌’ పెట్టవచ్చును. తాగడమనే అర్థం గల అరబ్బీ ధాతువు నుంచి వచ్చిన మాట అది. మన పానకమూ తాగడమనే అర్థం గల ‘పా’ ధాతువు నుంచే వచ్చింది. గులాబీ షర్బత్, నన్నారి షర్బత్ అని హైదరాబాదులో ఏ ఇంట్లోనైనా చెప్పుకొనేదే కనుక ఎవరికీ కొత్త కాదు, ఎవరి మనసూ నొచ్చుకోదు.

ఫలహారాన్ని విడిచిపెట్టడం నా పొరపాటే. పండ్ల ఆహారమని పుట్టిన ఆ మాట కోస్తాలో ఇడ్లీ, ఉప్మాలకు పేరైంది. మన నగరంలో ఆషాఢ బోనాలప్పుడు అమ్మవారికి ఊరేగింపుగా తీసుకువెళ్లే ‘పలారం బండి’లో ఇంకా నైవేద్యంగానే నిలిచి ఉంది. ఒక్కొక్క ప్రాంతానికి ఒక్కొక్క అర్థం స్ఫురించే ఆ మాటను శీర్షికకు ఎక్కిస్తే చదివేవారు తికమకపడతారని భావిస్తున్నాను.

కాబట్టి ప్రశ్న అడిగినవారికి నా సవరించిన శీర్షికలు ఇవి: ‘అప్పాలు, పిండివంటలు’, ‘సద్దులు’, ‘షర్బత్‌లు, కాక్‌టెయిల్‌లు’. మొదటిదానిలో రెండు మాటలనూ పక్కపక్కనే ఉంచండి, పెద్దమ్మగారూ పిన్నిగారూ ఇద్దరూ తమ ఇంటి మాటను అట్ట మీద చూసుకుంటారు. లోపల మాత్రం గరిజెల పక్కన కజ్జికాయలు అని కూడా తప్పక రాయండి. నిజామాబాదు, నల్లగొండల నుంచి వచ్చిన సభ్యులెవరైనా ఉంటే, సర్వపిండిని మీ ఊళ్లో ఏ పేరుతో పిలుస్తారో, సకినాలను చుట్టడమంటారో మరొక మాటంటారో దయచేసి ఇక్కడ రాయగలరు.