బ్లూస్‌కి ఫిడేలు పరాయిదా?

వాయులీన:
పోయిన వారం గిటారు థ్రెడ్‌లో ఒకరు, అమెరికా నల్లవాళ్ల పాటైన బ్లూస్ గురించి ఇలా రాశారు: "బ్లూస్ అంటే గిటారు, హార్మోనికా. ఫిడేలు తెల్లవాళ్ల పల్లెపాటల వాయిద్యం. బ్లూస్‌లోకి చుట్టపుచూపుగా వచ్చి పోయింది." ఆ మాట చదివిన దగ్గర్నుంచి మనసు ఊరుకోవడం లేదు. అందుకే వేరే థ్రెడ్ పెడుతున్నాను.

1930 ఫిబ్రవరిలో లూసియానాలోని ష్రీవ్‌పోర్ట్‌లో ఓకే (Okeh) అనే రికార్డు కంపెనీ 'మిసిసిపీ షీక్స్' అనే నల్లజాతి బృందం చేత 'సిట్టింగ్ ఆన్ టాప్ ఆఫ్ ద వరల్డ్' రికార్డు చేయించింది. గొంతు, గిటారు వాల్టర్ విన్సన్‌వి. ఫిడేలు లానీ చాట్మన్‌ది. ఆమె వదిలేసి వెళ్లిపోయింది, అయినా నాకేం దిగులు లేదు, లోకం నెత్తి మీద కూర్చున్నాను అంటాడు పాడేవాడు. గొంతు అలా ధీమాగా పోతుంటే, దాని వెనకే ఫిడేలు స్వరాలు జారుతూ ఉంటాయి. దిగులంతా అక్కడ ఉంది. ఫిడేలు తీసేస్తే ఆ మాటల్ని మనం నిజమనే నమ్మేస్తాం.

అదే పాటని 1957లో బ్లూస్ గాయకుడు హౌలిన్ వుల్ఫ్ హార్మోనికాతో పాడాడు. 1968లో ఇంగ్లండ్‌కి చెందిన క్రీమ్ బృందం ఎలక్ట్రిక్ గిటారుతో వాయించింది. రెండూ నాకు ఇష్టమే. కానీ చాలామంది ఆ రెండే విని, మొదటిది వినకుండానే ఫిడేలు బ్లూస్‌ది కాదని తేల్చేస్తున్నారు.

ఇక "తెల్లవాళ్ల వాయిద్యం" అన్న మాట. పశ్చిమ ఆఫ్రికాలో గోజే అనే ఒంటితీగ వాయిద్యాన్ని కమానుతోనే వాయిస్తారు. అమెరికాలో బానిసత్వ కాలంలో తోటల యజమానుల ఇళ్లలో డాన్సులకి ఫిడేలు పట్టినవాళ్లలో నల్లవాళ్లు ఎందరో. 1841లో స్వేచ్ఛగా బతుకుతున్న నల్లజాతి ఫిడేలు కళాకారుడు సాలమన్ నార్తప్‌ని సర్కస్‌లో ఫిడేలు వాయించే పని ఇప్పిస్తామని నమ్మించి తీసుకెళ్లే కదా బానిసగా అమ్మేశారు!

ఆరుతీగలు:
ఆ మాట రాసింది నేనే. "తెల్లవాళ్ల వాయిద్యం" అన్నది పొరపాటు, వెనక్కి తీసుకుంటున్నాను. మిగతా మాట మీద మాత్రం నిలబడతాను.

బ్లూస్ ఒంటరి మనిషి పాట. బొటనవేలు కింది తీగల మీద నడక నడిపిస్తుంటుంది, మిగతా వేళ్లు గొంతుకి జవాబు చెబుతుంటాయి. ఒక్క మనిషి దగ్గరే పాట, తాళం, జవాబు మూడూ ఉంటాయి. ఫిడేలు పట్టుకున్నవాడికి పక్కన ఇంకొకరు ఉండి తీరాలి.

మిసిసిపీ బ్లూస్ గాయకుడు చార్లీ ప్యాటన్ 1929లో పారమౌంట్ కంపెనీకి హెన్రీ సిమ్స్ ఫిడేలుతో కలిసి కొన్ని పాటలు రికార్డు చేశాడు. ఎన్నిసార్లు విన్నా నాకు ఆ ఫిడేలు నూనె పెట్టని బండి ఇరుసులాగే వినిపిస్తుంది. ప్యాటన్ ఒక్కడే పాడిన పాటల్లో ఉన్న బిగువు అక్కడ సడలిపోయింది. అయినా ఫిడేలు బ్లూస్‌కి అంత ప్రాణమైతే, తర్వాత ఎందుకు మాయమైంది? వినేవాళ్లకి కావలసింది ఎక్కడికీ పోదు కదా.

విజయనగరం_తీగ:
నేను కర్ణాటక సంగీతం వాయిస్తాను. బ్లూస్ నాకు కొత్త. వాయులీన గారి పోస్టు చదివి నిన్న రాత్రి ఆ షీక్స్ పాట పెట్టుకుని, పక్కనే ఫిడేలు పట్టుకుని కూర్చున్నాను.

ముందుగా తెలిసింది గాంధారం, అంటే 'గ' స్వరం సంగతి. అది కాస్త కింద ఉండే సాధారణ గాంధారమూ కాదు, పైన ఉండే అంతర గాంధారమూ కాదు. రెండిటి మధ్య ఎక్కడో మొదలై కిందికో పైకో జారుతుంది. గిటారు మెడ మీద అడ్డంగా మెట్లు ఉన్నాయి కాబట్టి ఆ జారుడు కోసం సీసా మెడ వేలికి తొడుక్కున్నారు, కత్తి ఆనించారు. 1903 ప్రాంతంలో మిసిసిపీలోని టట్‌వైలర్ రైల్వే స్టేషన్‌లో బ్లూస్ పాటల రచయిత డబ్ల్యూ.సి. హ్యాండీ విన్న గిటారు అలా కత్తితో వాయించిందే. ఫిడేలుకి మెట్లే లేవు. గిటారు అంత తంటాలు పడి తెచ్చుకున్నది దీనికి పుట్టుకతోనే ఉంది.

రెండోది ఆరుతీగలు గారు చెప్పిన ఇరుసు చప్పుడు. దాన్ని నా చేత్తో రప్పించాలని అరగంట కూర్చున్నాను. మనం కమాను పొడుగ్గా లాగి నాదాన్ని నున్నగా సాగదీస్తాం. ఆ పద్ధతిలో ఎంత వాయించినా రాలేదు. కమానుని కురచగా, గట్టిగా నొక్కి, రెండు తీగల మీద ఒకేసారి లాగాను. ఒక తీగ కదలకుండా మోగుతుంటే పక్క తీగ మీద వేలు జార్చాను. వేలు సరైన చోటికి చేరేలోపు ఆ రెండు నాదాలూ ఒకదాన్నొకటి రాసుకుంటాయి. అప్పుడొచ్చింది ఆ గరుకు! మా పిల్ల పక్క గదిలోంచి వచ్చి "ఏమైంది నాన్నా" అంది. శ్రుతి తప్పితే వచ్చే చప్పుడు కాదది. గొంతు జీరపోయినప్పుడు మాట ఎలా వస్తుందో అలా ఉంది.

ఇది మన గమకమే అని మాత్రం అనను. మన గమకానికి రాగం ఉంది, లెక్క ఉంది; అక్కడి లెక్క వేరు. కానీ ఫిడేలు మనకీ బయటినుంచి వచ్చినదే. ద్వారం వెంకటస్వామి నాయుడు గారి వాద్యం విన్నవాళ్లెవరైనా అది పరాయి వాయిద్యం అంటారా?

ఆరుతీగలు:
జారుడు సంగతి ఒప్పుకుంటున్నానండీ, ఇంత వివరంగా నాకు ఎవరూ చెప్పలేదు. సిమ్స్‌ని మళ్లీ వింటాను. అయినా ఎందుకు పోయిందన్న నా ప్రశ్న అలాగే ఉంది.

వాయులీన:
నాకు రెండు కారణాలు కనిపిస్తున్నాయి. ఒకటి చప్పుడు. తాగి అరిచే జనం మధ్య, డ్రమ్స్ పక్కన ఫిడేలు వినబడదు. ఎలక్ట్రిక్ గిటారు వచ్చాక పోటీయే లేదు.

రెండోది నన్ను బాధపెట్టేది. 1920ల్లో రికార్డు కంపెనీలు నల్లవాళ్ల పాటల్ని 'రేస్ రికార్డులు' అనీ, పల్లెటూరి తెల్లవాళ్ల పాటల్ని 'హిల్‌బిల్లీ' అనీ విడదీసి అమ్మాయి. అంతకుముందు ఆ గీత అంత గట్టిగా లేదు. షీక్స్ వాళ్లు తెల్లవాళ్ల డాన్సులకీ వెళ్లి వాయించేవాళ్లు. కంపెనీ జాబితాల్లో మాత్రం ఫిడేలు హిల్‌బిల్లీ వైపుకి వెళ్లిపోయింది, గిటారు బ్లూస్‌కి గుర్తయింది. జనం వద్దనుకోవడం వల్లే పోయిందంటే నేను ఒప్పుకోను.

ఒక్కసారి పేరున్న బ్లూస్ కళాకారుల్ని చూడండి. 1920లో నల్లజాతి గాయని పాడిన తొలి బ్లూస్ రికార్డుగా పేరు పొందిన మామీ స్మిత్ 'క్రేజీ బ్లూస్'లో ఫిడేలు ఉంది. గిటారుకి అంత పేరు తెచ్చిన లానీ జాన్సన్ 1925లో 'ఫాలింగ్ రెయిన్ బ్లూస్'లో వాయించింది ఫిడేలే. బిగ్ బిల్ బ్రూంజీ చిన్నప్పుడు సిగార్ పెట్టెతో చేసిన ఫిడేలు మీద నేర్చుకున్నాడు. షికాగో వెళ్లకముందు మడ్డీ వాటర్స్ మిసిసిపీలో ఎవరి బృందంలో ఉన్నాడనుకున్నారు? మీకు నచ్చని ఆ హెన్రీ సిమ్స్ బృందంలో. 2005లో చనిపోయేదాకా గేట్‌మౌత్ బ్రౌన్ గిటారుతో పాటు ఫిడేలునీ వదల్లేదు.

అట్లాంటా_వాసి:
నేను ఉండేది అట్లాంటాలో. "బ్లూస్ ఒంటరి మనిషి పాట, గిటారు ఉంటే చాలు" అన్న మాటకి మా ఊరి సంగతి ఒకటి చెప్తాను.

పెగ్ లెగ్ హావెల్ ఇక్కడ పాడుతూ గిటారు వాయించేవాడు. తుపాకీ దెబ్బకి కాలు పోవడంతో ఆ పేరొచ్చింది. 1926 నుంచి కొలంబియా కంపెనీకి రికార్డులు చేశాడు. ఎడ్డీ ఆంథొనీ అనే ఫిడేలు కళాకారుడు ఆయన జతగాడు. ఇద్దరూ అట్లాంటా వీధుల్లో వాయించేవాళ్లు. హావెల్‌కి గొంతుంది, గిటారుంది. ఆరుతీగలు గారి లెక్కలో ఇంకెవరూ అక్కర్లేదు. 1934లో ఆంథొనీ చనిపోయాడు. హావెల్ ఇక వాయించడం మానేశాడు. 1963లో ఆయన్ని వెతికి పట్టుకున్న కుర్రాళ్లు ఎందుకు మానేశారని అడిగితే, ఎడ్డీ పోయాక వాయించబుద్ధి కాలేదన్నాడు.

ఆరుతీగలు:
ఈ సంగతి నాకు తెలీదు. వాళ్లిద్దరివీ ముందు ఏది వినమంటారు?

అట్లాంటా_వాసి:
1927లో చేసిన 'న్యూ జెల్లీ రోల్ బ్లూస్' వినండి. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని, మొదటిసారి గొంతుని వదిలేసి ఫిడేలు ఒక్కదాని వెంటే వెళ్లండి.