కార్ల్ లీని జ్యూరీ వదిలేయడం న్యాయమేనా?

నెల్లూరు చదువరి:
జాన్ గ్రిషమ్ 1989 నవల 'ఎ టైమ్ టు కిల్' నిన్న రాత్రి ముగించాను. చదవనివాళ్ళ కోసం కథ రెండు ముక్కల్లో: అమెరికాలోని మిసిసిపీలో పదేళ్ళ నల్లజాతి పాపను ఇద్దరు తెల్లవాళ్ళు చెరిచి చావుబతుకుల్లో వదిలేస్తారు. తండ్రి కార్ల్ లీ హేలీ కోర్టు భవనంలోనే ఎం-16తో ఇద్దర్నీ కాల్చి చంపుతాడు. అప్పుడతనికి మతిస్థిమితం లేదంటూ, అందరూ తెల్లవాళ్ళే ఉన్న జ్యూరీ (తీర్పు చెప్పే మామూలు పౌరుల బృందం) వదిలేస్తుంది. నేనూ ఆడపిల్ల తండ్రినే. ఆ తీర్పు చదివి ఏడ్చాను. అతను చేసింది తప్పని నా నోటితో అనలేను. మీరేమంటారు?

బందరు వకీలు:
కన్నీళ్ళు వేరు, తీర్పు వేరండీ. తెలిసినవాళ్ళ ద్వారా తుపాకీ సంపాదించి, కోర్టు మెట్ల పక్క గదిలో దాక్కుని కాపు కాసినవాడికి మతి లేదంటే ఎట్లా? పైగా అడ్డొచ్చిన తూటాకి పోలీసు డిప్యూటీ లూనీ కాలు పోయింది. కార్ల్ లీని తప్పుపట్టనని ఆయన సాక్ష్యం చెప్పాడు, అది ఆయన పెద్దమనసు. చట్టం ఆ మనసు మీద నడవకూడదు కదా.

అట్లాంటా రాధిక:
వకీలు గారూ, ఆ తండ్రి ఏ కోర్టును నమ్మాలో చెప్పండి. అదే మిసిసిపీలో 1955లో పద్నాలుగేళ్ళ ఎమ్మెట్ టిల్‌ని చంపిన ఇద్దర్ని, సమ్నర్ కోర్టులో పన్నెండుమంది తెల్ల మగవాళ్ళు గంటకి కాస్త పైచిలుకులోనే నిర్దోషులన్నారు. కొన్ని నెలలకే ఆ ఇద్దరూ డబ్బు తీసుకుని, చంపింది తామేనని ఒక పత్రికకి చెప్పుకున్నారు. ఒకసారి విడుదలైనవాళ్ళని అదే నేరానికి మళ్ళీ విచారించడం కుదరదు. ఇంకోవైపు చూడండి: 1930 తర్వాత అమెరికాలో అత్యాచారానికి మరణశిక్ష అమలైన 455 మందిలో 405 మంది నల్లవాళ్ళు. చట్టం తన పని తాను చేసుకుపోతుంది అంటాం. అక్కడ అది ఎవరి పని చేసిపెట్టిందో ఈ లెక్కే చెబుతోంది.

బందరు వకీలు:
అమ్మా, మీరు చెప్పిన టిల్ కేసే నా వాదన. సాక్ష్యం పక్కనపెట్టి 'పాపం, మనవాడు' అనుకుని జ్యూరీ తెరిచిన తలుపు అది. కార్ల్ లీ బయటికొచ్చిందీ ఆ తలుపులోంచే. ఈసారి వచ్చినవాడు మనకి నచ్చాడు, అంతే.

షాద్‌నగర్ టీచర్:
2019 డిసెంబరు 6న చటాన్‌పల్లిలో, దిశ కేసు నిందితులు నలుగురూ పోలీసు కాల్పుల్లో చనిపోయారు. జనం పోలీసుల మీద పూలు చల్లారు. ఆ పొద్దు నేనూ మంచిపనైంది అనుకున్నాను. చంపాలనే కాల్చారనీ, వాళ్ళలో ముగ్గురు మైనర్లనీ 2022లో, సుప్రీంకోర్టు వేసిన సిర్పూర్కర్ కమిషన్ తేల్చింది. అది చదివాక కొన్నాళ్ళు నాకు మనసు మనసులో లేదు. అయినా రెంటినీ ఒక గాటన కట్టకండి. పోలీసుల చేతిలో కోర్టు ఉంది, చట్టం ఉంది. కార్ల్ లీ చేతిలో ఏముంది?

అట్లాంటా రాధిక:
నన్ను కుదిపింది మాత్రం జ్యూరీ గది. ఆ పాపకి బంగారు జుట్టు, నీలికళ్ళు ఉన్నాయనుకోండి, చెరిచినవాళ్ళు నల్లవాళ్ళనుకోండి అని ఒక జ్యూరీ సభ్యురాలు మిగతావాళ్ళని అడుగుతుంది. సినిమాలో ఆ మాట లాయరు చేత చెప్పించారు. నవల్లో తెల్లవాళ్ళు తమలో తాము అనుకోవడమే ఎక్కువ నిజం. అప్పుడుగానీ వాళ్ళ మనసు కరగలేదు. అంటే పాప తన రంగుతో తానుగా ఉన్నంతసేపూ వాళ్ళకి జాలి పుట్టలేదన్నమాట. కార్ల్ లీ బయటపడ్డందుకు నాకు సంతోషమే. ఆ పిల్ల మాత్రం అక్కడ ఓడిపోయింది.

నెల్లూరు చదువరి:
రాధిక గారూ, మీ మాట చదివి నా మొదటి పోస్టు మళ్ళీ చూసుకున్నాను. తండ్రి పేరు రాశాను, తుపాకీ పేరు రాశాను. పాప పేరు రాయలేదు. ఆమె పేరు టోన్యా.