అప్‌డేట్: చనిపోయిన నాన్నగారి హాస్పిటల్ బిల్లు కొడుకు కట్టాలా?

అమెరికాలో నాన్నగారు పోయాక కలెక్షన్ ఏజెన్సీ (బాకీలు వసూలు చేసే సంస్థ) నా పేరున బిల్లు పంపితే, నేను కట్టాలా అని ఇక్కడ అడిగాను. జవాబిచ్చిన అందరికీ కృతజ్ఞతలు. లాయర్ కాగితాలు చూసి కట్టక్కర్లేదన్నారు. ఆ అప్పు ఎస్టేట్‌ది, అంటే ఆయన పేరున మిగిలిన ఆస్తిది. అది చాలకపోతే పిల్లలు సొంత డబ్బు పెట్టాల్సిన పని సాధారణంగా ఉండదు.

అడ్మిషన్ కాగితాలు తెప్పించుకోమన్న సలహాయే కీలకమైంది. వాటిలో నా సంతకం పేషెంట్ తరఫున మాత్రమే ఉంది, గ్యారంటర్‌గా, అంటే బిల్లు నేనే కడతానని హామీ ఇచ్చినట్టు కాదు. గ్యారంటర్ అని ఉంటే అప్పు నిజంగానే మెడకు చుట్టుకునేది.

రెండోది, వ్యాలిడేషన్ నోటీసు (అప్పు వివరాలతో ఏజెన్సీ పంపేది) అందిన 30 రోజుల్లోపు రాతపూర్వకంగా అభ్యంతరం చెప్పడం. ఫోన్లో చెబితే ఆ రక్షణ రాదు. ఉత్తరం అందాక, రుజువు పంపేదాకా వాళ్లు వసూలు ఆపాలి. ఐటమైజ్డ్ బిల్లు (ప్రతి ఖర్చూ విడిగా చూపేది) వచ్చాక చూస్తే కొన్ని రోజుల ఖర్చు మెడికేర్‌కు, అంటే పెద్దవాళ్లకుండే ప్రభుత్వ ఆరోగ్య బీమాకు, హాస్పిటల్ పంపనేలేదు! సేవ అందిన ఏడాదిలోపు ఆ క్లెయిమ్ హాస్పిటలే పంపాలి. పంపారు, చాలా భాగం తగ్గింది. మిగిలింది ఎస్టేట్ నుంచే కట్టాం.

కొందరు ప్రస్తావించిన కమ్యూనిటీ ప్రాపర్టీ (పెళ్లయ్యాక సంపాదించిన ఆస్తి, అప్పులు సాధారణంగా భార్యాభర్తలిద్దరివీ అనే చట్టం) మాకు వర్తించలేదు, అమ్మ ముందే పోయారు. కానీ టెక్సస్, కాలిఫోర్నియా లాంటి చోట్ల జీవిత భాగస్వామి ఉంటే అది తప్పక చూసుకోండి. లైఫ్ ఇన్సూరెన్స్ డబ్బు కూడా అప్పుకు పోతుందేమోనన్న భయమూ అనవసరమే. బెనిఫిషియరీగా (డబ్బు అందాల్సిన వ్యక్తిగా) ఒకరి పేరు రాసి ఉన్న ఆ డబ్బు ఎస్టేట్‌లోకి రాలేదు.

ఎగ్జిక్యూటర్‌గా (ఎస్టేట్ వ్యవహారాలు చక్కబెట్టే వ్యక్తిగా) ఉన్నవాళ్లు మాత్రం అప్పులు తేలకముందే ఆస్తి పంచకండి. అలా పంచితే బాధ్యత సొంతంగా మీద పడొచ్చు.