గీజర్ కింద నీళ్లు కారుతున్నాయి: రిపేరు చేయించాలా, కొత్తది కొనాలా?

భీమారం టీచర్

అందరికీ నమస్తే. మాది హన్మకొండ, భీమారం వైపు. 2014లో గృహప్రవేశం అప్పుడు కింది బాత్రూంలో 25 లీటర్ల గీజర్ పెట్టించాం. పై ట్యాంకుకు ఎక్కేవి బోరు నీళ్లే. నల్లా నీళ్లు తాగడానికి, వంటకు వాడుకుంటాం.

దసరా తర్వాత మళ్లీ గీజర్ వాడడం మొదలుపెట్టాం. అప్పటి నుంచి దాని అడుగున నీళ్లు చుక్కలు చుక్కలుగా పడుతున్నాయి. ముందు పైన తడి పేరుకుని కారుతోందేమో అనుకున్నాం. ఇప్పుడు కింద మగ్గు పెడితే తెల్లారేసరికి సగం నిండుతోంది. పొద్దున మొదట వచ్చే వేడినీళ్లు కొంచెం ఎర్రగా ఉంటున్నాయి. మా అత్తమ్మ తెల్ల చీర ఆ నీళ్లలో తడిపితే అంచున మరక పడింది. ఆమె అప్పటి నుంచి నాతో సరిగ్గా మాట్లాడటం లేదు, అది వేరే కథ.

సర్వీస్ సెంటర్ నుంచి ఒక అబ్బాయి వచ్చాడు. కంపెనీ పేరు రాయను. కింది మూత కూడా విప్పకుండానే, "మేడం, పదేళ్లు దాటింది, పడేయాల్సిందే, మా దగ్గర ఎక్స్‌ఛేంజ్ ఉంది" అన్నాడు. మా గల్లీ ఎలక్ట్రీషియన్‌ను అడిగితే, "కాయిల్ మారిస్తే ఇంకో ఐదేళ్లు బేఫికర్" అంటున్నాడు. ఎవరి మాట నమ్మాలి?

ఇంకో సంగతి. పైన కిరాయికి ఉన్నవాళ్ల బాత్రూంలో 15 లీటర్ల గీజర్ ఉంది, పెట్టి నాలుగేళ్లే. అది కారడం లేదు కానీ ఆన్ చేస్తే లోపల గరగరమని చప్పుడు. నీళ్లు కాగడానికి ముప్పావుగంట పడుతోందని వాళ్ల కంప్లయింట్. ఒకేసారి రెండూ కొనాలంటే ఈ నెల కష్టం. శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుందంటారు గానీ, అప్పటిదాకా 80కి దగ్గర పడిన మా అత్తమ్మను చన్నీళ్లు పోసుకోమనలేను కదా.

మంచిర్యాల తమ్ముడు

అక్కా, అంత పాతదాని మీద ఇంకా పైసలు పెట్టడం దండగ. రెండూ తీసేసి 3 లీటర్ల ఇన్‌స్టంట్ గీజర్లు పెట్టించండి. మా రూంలో అదే ఉంది. స్విచ్ వేసి సబ్బు వెతికేలోపు వేడినీళ్లు. రేటు కూడా తక్కువే.

కాజీపేట మెకానిక్

మేడం, నేను గీజర్లు, మోటార్లు రిపేరు చేస్తాను. మీ దగ్గరికి వచ్చిన ఇద్దరిలో ఒక్కరూ మూత విప్పలేదు కాబట్టి ఇద్దరి మాటా పక్కన పెట్టండి. గీజర్‌ను వయసు చూసి మార్చొద్దు. నీళ్లు ఎక్కడి నుంచి వస్తున్నాయో చూసి మార్చాలి.

కాయిల్, థర్మోస్టాట్ (నీళ్లు సరిపడా కాగగానే కరెంటు ఆపేది), కటౌట్ (మరీ కాగితే ఆపేది), రబ్బరు వాషర్, వాల్వు, మెగ్నీషియం రాడ్ ఇవన్నీ విడిగా దొరుకుతాయి, మార్చుకోవచ్చు. మారనిది లోపలి ట్యాంకు ఒక్కటే. ఎక్కువ గీజర్లలో అది ఇనుప ట్యాంకు, లోపల గాజు పూత ఉంటుంది. చిల్లు పడితే వెల్డింగ్ చేసినా లాభం లేదు. ఆ వేడికి చుట్టూ ఉన్న పూత పగులుతుంది, పక్కనే ఇంకో చోట తుప్పు పడుతుంది. వెనకటి రాగి ట్యాంకులకైతే టాంకా పెట్టి నడిపించేవాళ్లం. ఇప్పటివాటికి ఆ పని కుదరదు.

ఇప్పుడు మీ చుక్కల సంగతి. ముందు కరెంటు బోర్డులో గీజర్ లైన్ ఎంసీబీ (బ్రేకర్ స్విచ్) దించండి. ఉత్త స్విచ్ ఆపితే చాలదు. చన్నీళ్ల పైపు గీజర్‌కు కలిసే చోట ఒక చిన్న ఇత్తడి వాల్వు ఉంటుంది, దానికి పక్కన సన్న రంధ్రం. గీజర్ ఆన్‌లో ఉన్నప్పుడు మాత్రమే అక్కడి నుంచి చుక్కలు పడితే అది రోగం కాదు. నీళ్లు కాగితే ఉబ్బుతాయి. 25 డిగ్రీల నీళ్లు 60కి వచ్చేసరికి 25 లీటర్లకు సుమారు 350 మిల్లీలీటర్లు పెరుగుతాయి. వాల్వు వాటిని వెనక్కి పోనివ్వదు కాబట్టి ఆ రంధ్రం గుండా వదులుతుంది. దయచేసి దానికి ఎంసీల్ ముద్ద పెట్టి మూయకండి, మూయనివ్వకండి. థర్మోస్టాట్ ఇరుక్కుపోయిన రోజు ఆ రంధ్రమే మిమ్మల్ని కాపాడేది. గీజర్ ఆపినా గంటల తరబడి అదే రంధ్రం నుంచి కారుతుంటే వాల్వు అరిగినట్టు. అది మారిస్తే సరిపోతుంది.

వాల్వు దగ్గర పొడిగా ఉందంటే గీజర్ అడుగున ప్లాస్టిక్ మూత స్క్రూలు విప్పించండి. లోపల గుండ్రటి ఇనుప బిళ్ల, చుట్టూ బోల్టులు కనిపిస్తాయి. కాయిల్ దానికే బిగించి ఉంటుంది. బిళ్ల అంచున తడి ఉంటే వాషర్ పోయింది. వంద, రెండు వందల పని. బిళ్ల పొడిగా ఉండి, పసుపుపచ్చ ఫోమ్‌కూ బయటి రేకుకూ మధ్య నుంచి నీళ్లు దిగుతుంటే, అక్కడ తుప్పు చార కూడా కనిపిస్తే, ట్యాంకు పోయినట్టే. ఇక దాని మీద రూపాయి కూడా పెట్టకండి.

ఎర్ర నీళ్లకు ఇంకో పరీక్ష. పొద్దున్నే, ఎవరూ నల్లా తిప్పకముందు, తెల్ల బకెట్లు రెండు తీసుకుని ఒకదాంట్లో చన్నీళ్లు, ఇంకోదాంట్లో గీజర్ నీళ్లు పట్టండి. రెండూ ఎర్రగా ఉంటే పాత ఇనుప పైపుల తుప్పు గానీ, బోరులో ఇనుము గానీ. గీజర్‌ది పాపం కాదు. వేడినీళ్ల బకెట్ మాత్రమే ఎర్రబడితే తుప్పు ట్యాంకులోనే ఉంది.

ఆ తుప్పు ఎందుకు పడుతుందంటే మెగ్నీషియం రాడ్‌ను ఎవరూ పట్టించుకోరు కాబట్టి. కొత్తగా ఉన్నప్పుడు అది బొటనవేలంత లావుంటుంది. నీళ్లు ట్యాంకు ఇనుమును తినకుండా ముందు దీన్ని తింటాయి. పోచమ్మకు పొట్టేలును ఇచ్చినట్టు ట్యాంకు బదులు దీన్ని ఇస్తారు. మన దగ్గర బోరు నీళ్లకు రెండు మూడేళ్లలో కరిగిపోయి మధ్యలో ఉన్న సన్న తీగ మాత్రమే మిగిలిన రాడ్లు నేను బోలెడు తీశాను. తీగ కనిపించిందంటే తుప్పు అప్పటికే ట్యాంకు మీద పడింది. కొందరు రాడ్‌ను పదేళ్లైనా ముట్టుకోరు, తర్వాత కంపెనీని తిడతారు.

పైవాళ్ల గీజర్ సంగతి వేరు. చప్పుడు, ఆలస్యం, కారడం లేదు. అంటే కాయిల్ చుట్టూ సున్నం పెచ్చులు కట్టాయి. పెచ్చుల కింద చిక్కుకున్న నీళ్లు ఆవిరై పగలడమే మీరు వినే గరగర. 15 లీటర్ల నీళ్లు 25 నుంచి 60 డిగ్రీలకు రావాలంటే 2000 వాట్ల కాయిల్‌కు 18, 20 నిమిషాలు చాలు. ముప్పావుగంట పడుతుందంటే సున్నం అడ్డం పడింది, లేదా థర్మోస్టాట్ తొందరగా కట్ చేస్తోంది. దాన్ని పారేయాల్సిన పని లేదు. విప్పి, కాయిల్‌ను నిమ్మ ఉప్పు కలిపిన గోరువెచ్చని నీళ్లలో నానబెట్టి, ట్యాంకు అడుగున ఉన్న పెచ్చులు చేత్తో తీసి, వాషర్ కొత్తది వేసి, రాడ్ అరిగి ఉంటే మార్పించండి. బాత్రూం కడిగే యాసిడ్ పోస్తామంటే మాత్రం ఒప్పుకోకండి. తెల్లగా మెరిసేలా చేస్తుంది, కాయిల్ మీది రాగిని కూడా తినేస్తుంది.

నల్లా ముట్టుకుంటే జివ్వుమన్నా, గీజర్ వేయగానే ఈఎల్‌సీబీ (కరెంటు లీకైతే లైన్ కట్ చేసే స్విచ్) పడిపోతున్నా కాయిల్ పగిలి ఉండొచ్చు. అప్పుడు ఆ పూటే వాడకం ఆపేయాలి. ఇంట్లో ఎర్తింగ్ సరిగ్గా ఉందో లేదో కూడా అప్పుడే చూపించుకోండి. కొన్ని కొత్త ఇళ్లలో సైతం మూడో పిన్ను ఉత్త అలంకారమే, వైరు లోపలే తెగి ఉంటుంది.

మంచిర్యాల తమ్మీ, ఒక్కడివి షవర్ కింద నిలబడితే ఇన్‌స్టంట్ బాగానే ఉంటుంది. బకెట్ స్నానం చేసే ఇంట్లో దాని కింద బకెట్ నిండేదాకా కాచుక్కూర్చోవాలి. 3000 వాట్లంటే 13 ఆంపియర్లు లాగుతుంది, పాత వైరింగ్ వేడెక్కుతుంది. పైగా సున్నం దానిలోనూ కడుతుంది, చిన్నది కాబట్టి ఇంకా తొందరగా.

నీళ్ల ల్యాబ్

నేను నీటి పరీక్షల ల్యాబ్‌లో పనిచేస్తాను. మెకానిక్ అన్న చెప్పిన సున్నం గురించి ఒక్క మాట. మీటర్ ముంచి "టీడీఎస్ ఇంత, కాబట్టి సున్నం ఇంత" అని చెప్పేవాళ్లను నమ్మకండి. టీడీఎస్ అంటే నీళ్లలో కరిగినవన్నీ, మామూలు ఉప్పుతో సహా. కాయిల్ మీద పేరుకునేది కాల్షియం, మెగ్నీషియం. దాన్ని హార్డ్‌నెస్ పరీక్షలో విడిగా చూడాలి. తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం హార్డ్‌నెస్ లీటరుకు 200 మిల్లీగ్రాముల లోపు ఉండాలి, వేరే నీళ్లు దొరకకపోతే 600 దాకా ఒప్పుకుంటారు. గ్రానైట్ రాయి మీద ఉన్న మన వైపు బోర్లలో 200 దాటడం మామూలే.

నీళ్లు ఎంత ఎక్కువ కాగితే సున్నం అంత ఎక్కువ విడిపోతుంది. థర్మోస్టాట్‌ను చివరిదాకా తిప్పి 75లో పెట్టి, మళ్లీ అందులో సగం చన్నీళ్లు కలుపుకుని పోసుకునేవాళ్లే ఎక్కువ. 55, 60 మధ్య పెట్టుకోండి. వీలైతే గీజర్ లైన్ ఒక్కదానికైనా నల్లా నీళ్ల ట్యాంకు నుంచి పైపు వేయించండి. గోదావరి నీళ్లు బోరు నీళ్లంత గట్టివి కావు.

భీమారం టీచర్

అందరికీ థాంక్స్. ఆదివారం మా అబ్బాయి వచ్చాడు, మూత విప్పించాను. టార్చ్ వేసి చూస్తే బిళ్ల, బోల్టులు పొడిగా ఉన్నాయి. ఇత్తడి వాల్వు కూడా పొడే. ఫోమ్ మాత్రం ఒక పక్క తడిసి నల్లబడింది, బయటి రేకు అంచు నుంచి గోధుమ రంగు చార కిందికి దిగింది. వేలితో తాకితే ఫోమ్ పొడిపొడిగా రాలింది. తెల్ల బకెట్లు కూడా పట్టి చూశాను. చన్నీళ్లు శుభ్రంగా ఉన్నాయి, వేడినీళ్లు పలచటి చాయ్ రంగు. కిందిది మార్చేస్తున్నాం. పైది మీరు చెప్పినట్టు విప్పించాలి.

రెండు ప్రశ్నలు మిగిలాయి. 15 తీసుకోవాలా, 25 తీసుకోవాలా? కింద మేం ముగ్గురమే. దుకాణంలో ఐదు స్టార్లది ఉంది, రేటు బాగా ఎక్కువ. ఆ తేడా పెట్టడం అవసరమా?

కాజీపేట మెకానిక్

సరిగ్గా చూశారు మేడం, అది ట్యాంకే.

60 డిగ్రీల 15 లీటర్ల నీళ్లలో చన్నీళ్లు కలిపితే ఒంటికి సరిపడా వేడిగా 20 లీటర్ల బకెట్లు ఒకటిన్నర దాకా వస్తాయి. 25 లీటర్లదైతే రెండున్నర. వేడినీళ్లు తీస్తుంటే చన్నీళ్లు లోపలికి వస్తాయి కాబట్టి చివరికి కొంచెం తగ్గుతాయనుకోండి. మీ ముగ్గురూ పొద్దున ఒకరి వెనక ఒకరు స్నానం చేసి బయల్దేరేవాళ్లైతే 25 ఉంచుకోండి. మధ్యలో అరగంట ఆగగలిగితే 15 చాలు.

స్టార్లు ఇచ్చేది కాగిన నీళ్లు వాడకుండా ఉంచితే ఎంత వేడి పోతుందనే లెక్క మీద. రోజంతా ఆన్‌లో ఉంచే ఇంట్లో ఐదు స్టార్లు లాభం. మీరు అరగంట వేసి ఆపేస్తారు కాబట్టి మీకు పెద్ద తేడా రాదు. ఆ డబ్బు మంచి ట్యాంకు మీద పెట్టండి. బోరు నీళ్లకు సరిపోతుందా, మెగ్నీషియం రాడ్ విడిగా దొరుకుతుందా అని దుకాణంలో నోరు విప్పి అడగండి. వారంటీ కార్డులో ట్యాంకుకు ఎన్నేళ్లు, కాయిల్‌కు ఎన్నేళ్లు అని వేరువేరుగా ఉంటుంది. మీకు కావాల్సింది ట్యాంకు లెక్క. బిల్లు మీద సీరియల్ నంబర్ రాయించుకోండి, లేకపోతే తర్వాత కొర్రీలు పెడతారు.

పాతది దింపేముందు చన్నీళ్ల వాల్వు కట్టి, లోపలి నీళ్లన్నీ వదిలించాలి. నిండుగా ఉంటే నీళ్ల బరువే 25 కిలోలు, స్టూలు మీద నిలబడిన మనిషి ఆపలేడు. గోడకున్న పాత బోల్టులకే కొత్తది తగిలిస్తామంటారు, వద్దనండి. పదేళ్ల తడికి అవీ తుప్పు పట్టి ఉంటాయి. కొత్తవి వేయించి, ట్యాంకు నిండి వేడినీళ్ల నల్లా నుంచి ధార ఆగకుండా వచ్చాకే స్విచ్ వేయనివ్వండి. ఉత్త ట్యాంకుకు కరెంటు ఇస్తే కొత్త కాయిల్ ఆ రోజే మాడిపోతుంది.